గొట్టం నడుమ పిండి ముద్ద

గ్రబోవిత్సా కొండదారి మీద జరిగే కార్ల పోటీలో ఒక ఏడాది తనకు మూడో స్థానం వచ్చిందన్నాడు తిహోమిర్. మొదట అన్నది అంతే. మూడో స్థానమంటే ఎవరైనా నమ్ముతారు. దోబ్రిలా కూడా నమ్మింది. నమ్మక తప్పని అవసరం ఆమెది.

స్పసేనియా పెరట్లో పొద్దుటినుంచీ రాకియా అనే పళ్లసారా కాస్తున్నారు. పులిసిన ఆల్‌బుఖారా పండ్లు రాగి కాగులో ఉడుకుతున్నాయి. కాగు మూతమీద లావుగా మొదలైన రాగి గొట్టం వంగి, సన్నబడుతూ పోయి, పక్కనున్న చన్నీళ్ల పీపాలోకి దిగుతుంది. ఆవిరి ఆ దారిన వెళ్లి, చల్లబడి, పీపా అడుగున దారప్పోగులా కారుతుంది. సెప్టెంబరు వచ్చిందంటే ఆ కాగు ఊళ్లో ఇంటింటికీ తిరుగుతుంది. అది ఏ ఇంట్లో ఉంటే కబుర్లూ ఆ ఇంట్లోనే.

ఆవిరి పోకుండా అతుకుల దగ్గర పిండి ముద్ద మెత్తడం అందరూ చేసేదే. మూత అంచున, పీపా అంచున. స్పసేనియా మాత్రం గొట్టం నడిమధ్య కూడా ఒక ముద్ద మెత్తి వేలితో నున్నగా రాస్తోంది. దోబ్రిలా అది చూసింది. అక్కడ అతుకేముందని మెత్తడం, అనుకుంది కూడా. కానీ ఆమె తల నిండా వేరే గొట్టాలున్నాయి.

ఆమెది పాత జాస్తవా కారు. దాని ఇంజనుకు ఏదో డీజిల్ వ్యానులోంచి ఊడదీసిన టర్బో తగిలించింది. టర్బో గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి చల్లబరచాలి. టర్బోనుంచి ఇంటర్‌కూలర్‌కి ఒక గొట్టం, ఇంటర్‌కూలర్‌నుంచి ఇంజనుకి ఇంకో గొట్టం. నిరుడు రెండూ మూడంగుళాలవి వేసింది. ఇక చూడాలి దాని ప్రయాణం. ప్రతి మలుపు దాటాక కాలు నొక్కేది. ఆ లావు గొట్టాలు గాలితో నిండేదాకా కారు ఆలోచిస్తూ కూర్చునేది. నిండాక, ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఎగిరి దూకేది. అప్పటికి మళ్లీ మలుపు. చివరినుంచి లెక్కపెడితే త్వరగా తేలే స్థానం వచ్చింది.

సరే, సన్నవి వేద్దామంటే, పైకి వెళ్లేసరికి ఇంజనుకు ఊపిరాడదంటారు. పట్నంలో విడిభాగాల షాపువాడు ఎంత లావైతే అంత మంచిదన్నాడు. ఇంటర్నెట్‌లో ఒకడు సన్నవే వెయ్యమన్నాడు. ఇంకొకడు ఒకటి సన్నం, ఒకటి లావు అని చెప్పి, ఏది ఎటువైపో చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఈసారి ఊరికే ఓడిపోతే సరిపోదు. కారు ఉండే షెడ్డు మీద తమ్ముడు వుకోమాన్ కన్నుంది. కోరిందకాయల పెట్టెలకు చోటు లేదని వాడి గొడవ. ఆదివారం మొదటి ముగ్గురిలో లేకపోతే కారు వానలోకి, పెట్టెలు షెడ్డులోకి. నలుగురి ముందూ చెయ్యి కలిపి ఒప్పుకుంది. రేపు పొద్దున్నే కార్ల తనిఖీ. అందుకే వెల్డింగ్ చేసే రాంజెల్‌ని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చింది. ఈ కొండమీద, ఇదే రకం ఇంజనుకు టర్బో పెట్టి తోలినవాడు తిహోమిర్ ఒక్కడే.

రాంజెల్ దగ్గర రెండే అల్యూమినియం గొట్టాలు మిగిలాయి. ఒకటి రెండంగుళాలది, ఒకటి రెండున్నరది. ఏది ఎటు వెయ్యాలో తేలితే ఆ కొలతకు కోస్తాడు. తప్పు కోస్తే మళ్లీ కొత్తది దొరికేసరికి పోటీ అయిపోతుంది. మొద్దు మీద హ్యాక్సా పెట్టుకుని, చేతిలో గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"బాబాయ్, మూడో స్థానం వచ్చినప్పుడు గొట్టాలు ఎంతవి వేశావు? అది చెప్పు చాలు," అంది దోబ్రిలా.

"రెండంగుళాలు," అన్నాడు తిహోమిర్.

ఆమె ప్రాణం లేచొచ్చింది. "రాంజెల్, విన్నావుగా. రెండు."

"ఆగమ్మా, ఆగు. రెండంగుళాలు వేసింది పొద్దున ప్రాక్టీసుకి. అదేమైందో తెలుసా?" తిహోమిర్ స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "సన్నగొట్టంలో గాలి పరిగెడితే ఏం చేస్తుంది? ఈల వేస్తుంది. మామూలు ఈల కాదు. మనుషుల చెవికి అందనంత సన్నటి ఈల. కుక్కలకు అందింది. ఈ పక్క ఊరివి, ఆ పక్క ఊరివి, నదికి అవతలివి, అన్నీ నా కారు వెంట. కుక్కలు వస్తే గొర్రెలు ఊరుకుంటాయా, గొర్రెలు వెనక. గొర్రెలు వస్తే కాపరులు రారా? నేను పైకి చేరేసరికి వెనక ఒక సంత. జడ్జీగారు జెండా ఊపుదామని చూస్తే నా కారేదో, గొర్రె ఏదో తెలియలేదు."

"నీ కారు తెల్లదా?" అన్నాడు రాంజెల్.

"అప్పటిదాకా ఎర్రది. ఉన్ని అంటుకుని తెల్లబడింది."

రాంజెల్ ముక్కుతో నవ్వాడు. దోబ్రిలా నవ్వలేదు. సన్నగొట్టంలో గాలి ఈల వేస్తుందన్నది నిజమే, అని ఆలోచిస్తోంది. ఈ మాటల్లో అక్కడక్కడా నిజం తగులుతోంది. అదే చిక్కు. అంతా అబద్ధమైతే లేచి వెళ్లిపోవచ్చు.

"అంటే రెండు వద్దంటావా?"

"మధ్యాహ్నానికి మూడు చేశాను."

"మూడు నేను నిరుడు వేశాను బాబాయ్. కారు ఆలోచిస్తూ కూర్చుంది."

"నీ కారు ఆలోచించింది, నా కారు తాగింది. గాలి తాగడమంటే అలా ఇలా కాదు. బయల్దేరే గీత దగ్గర ఇంకా ఇంజను వేడెక్కిస్తున్నానో లేదో, మా వదిన ఆరేసిన దుప్పట్లు తీగమీదనుంచి లేచి వచ్చేశాయి. ఏం వదినా?"

స్పసేనియా తిహోమిర్ అన్నగారి భార్య. అన్నగారు పోయాక కాగు, తోట, మరిది మాటలు, మూడూ ఆమె పాలిట పడ్డాయి. "నా దుప్పట్ల జోలికి రాకు," అంది, మంటలో ఒక కట్టె తోస్తూ.

"చూశారా, ఇంకా కోపం పోలేదు. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రోజు పొగమంచు. ముందు పోయినవాళ్లంతా కళ్లు పొడుచుకుంటూ నత్తల్లా పాకారు. నేను కాలు నొక్కాను. లోయలో ఉన్న మంచంతా గొట్టంలోకి పోయింది. ఒక్క ముక్క మిగల్లేదు. ఎండ కాసింది. చర్చిలో ఫాదరుగారు బయటికి వచ్చి, ఇంత తొందరగా మొర ఆలకించాడేమిటని ఆకాశం వైపు దండం పెట్టాడు. ఆయనకేం తెలుసు, ఆ మంచంతా నా ఇంటర్‌కూలర్‌లో ఉందని!"

"ఉంటే ఏమైంది?" దోబ్రిలాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది.

"నువ్వు ఈ ఊళ్లో పుట్టావు, నన్నడుగుతావేంటే అమ్మాయ్? వేడి ఆవిరి చల్లటి చోటుకి పోతే ఏమవుతుంది?" అని తిహోమిర్ పీపా అడుగున కారుతున్న ధారకేసి చెయ్యి చాపాడు. "బొట్లు! దారికి రెండు వైపులా ఏమున్నాయి? ఆల్‌బుఖారా తోటలు. పండి రాలడానికి సిద్ధంగా ఉన్న కాయలు. నా టర్బో పీల్పుకి ఏ చెట్టూ ఒక్క కాయ దాచుకోలేకపోయింది. కాయలు, మంచు, వేడి, చల్లదనం, అన్నీ కుదిరాయి. కారు కిందనుంచి రాకియా మొదలైంది. మొదటి ధార కాదు, రెండుసార్లు కాచినంత చిక్కటిది. మలుపు మలుపు దగ్గరా జనం గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు."

"నువ్వు తాగలేదా?" అన్నాడు రాంజెల్.

"పోటీలో తాగుతానా? నాకు నియమం ఉంది. నేను తాగలేదు, ఇంజను తాగింది. చర్చి మలుపు దగ్గర పాట అందుకుంది. గేరు మారిస్తే చరణం మార్చింది. పోలీసు ఆపాడు. నన్ను ఊదమన్నాడు, ఊదాను, ఏం లేదు. పొగగొట్టం దగ్గర మీటరు పెట్టాడు. ముల్లు విరిగిపోయింది. లైసెన్సు తీసుకున్నాడు."

"నీదా?"

"నాదెందుకు, కారుది!"

దోబ్రిలా రెండు చేతులతో కణతలు నొక్కుకుంది. రెండు వద్దన్నాడు. మూడు కావాలన్నాడు. మూడు తను వేసి చూసింది. మంచు సంగతి అబద్ధం, కానీ చల్లబడితే గాలి కుదించుకుంటుందన్నది నిజం. కుదించుకుంటే మరి రెండో గొట్టం ఎంత ఉండాలి? పొద్దు వాలుతోంది. రాంజెల్ గ్లాసు ఖాళీ అయింది.

"బాబాయ్, పోటీలో పైదాకా ఉన్న గొట్టం ఎంతది?"

"పైదాకా మూడు ఎక్కడ చాలింది! పిండిమర మలుపు దగ్గర ఆపి, మరవాళ్ల పొయ్యి గొట్టం ఊడదీసి బిగించాను. అది మనిషి తలకాయ పట్టేంత. దాంతో కాలు నొక్కితే ఏమైందో తెలుసా?" గొంతు తగ్గించాడు. అందరూ ముందుకు వంగారు. "కారు కొండెక్కలేదు. ఉన్నచోటే ఉంది. కొండే దిగొచ్చింది. గాలితో పాటు కొండని పీల్చేసింది. ఫినిషు గీత వచ్చి నా ముందు చక్రాల కింద పడింది. కావాలంటే వెళ్లి చూడండి, మర దాటాక దారి కొంచెం పొట్టిగా ఉంటుంది. అప్పటినుంచే."

"కొండనే లాగినవాడికి మూడో స్థానమేంటి?" అన్నాడు రాంజెల్.

"కొండ దిగొస్తే దానిమీదున్న ఇద్దరూ నాకంటే ముందొచ్చారు కదా!"

అందరూ గొల్లున నవ్వారు. రాంజెల్ గ్లాసు మళ్లీ నిండింది. దోబ్రిలాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. లేచి నిలబడింది.

"నాకు నవ్వే టైము లేదు బాబాయ్. రేపు తనిఖీ. ఆదివారం నా కారు వెనకబడితే వానలో తడుస్తుంది. కుక్కలు వద్దు, కొండ వద్దు. ఏ గొట్టం ఎటు వెయ్యాలి? ఒక్క ముక్క చెప్పు."

తిహోమిర్ ముఖంలో నవ్వు పోయింది. దోబ్రిలా ఎప్పుడూ చూడని తిహోమిర్ బయటికి వచ్చాడు, పనివాడిలా నెమ్మదిగా మాట్లాడే తిహోమిర్.

"ఇదిగో, నీ కళ్లముందే ఉంది చూడు. వేడి వైపు లావు, చల్లటి వైపు సన్నం. వేడిగా ఉన్నప్పుడు ఉబ్బుతుంది కనక చోటు కావాలి. చల్లారాక చోటుతో పనేంటి? మన తాతలు ఈ గొట్టాన్ని అలా ఊరికే చేశారా? టర్బో వైపు లావుది వెయ్యి. ఇంజను వైపు ఎంత సన్నదైతే అంత మంచిది. నేను వేసింది అదే. ఇది కోత కాదమ్మా."

దోబ్రిలా రాగి గొట్టంకేసి చూసింది. లావుగా మొదలై, సన్నబడి, పీపాలోకి. చిన్నప్పటినుంచీ ప్రతి సెప్టెంబరూ చూస్తున్నదే. రాంజెల్ తలూపాడు. పక్కనున్న మరో ఇద్దరూ తలూపారు. ఈ ఊళ్లో దీన్ని కాదనేవాళ్లు ఎవరుంటారు? పొద్దుటినుంచి తల పగలగొట్టుకుంటే జవాబు ఈ పెరట్లో నిటారుగా నిలబడి ఆవిరి కక్కుతోంది. ఆమెకు తేలికగా అనిపించింది. అనిపించి, వెంటనే మళ్లీ ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో తెలియలేదు.

"సరే. రెండున్నరది టర్బో వైపు. రెండంగుళాలది ఇంజను వైపు. కొయ్యి," అంది.

రాంజెల్ లావుగొట్టం మొద్దుమీద పెట్టి, గుర్తు గీసి, హ్యాక్సా ఆనించాడు.

"ఒరేయ్ తిహోమిర్," అంది స్పసేనియా, వెనక్కి తిరక్కుండానే. "ఈసారి కోసుకోవడానికి వాళ్లకి సొంత గొట్టాలున్నాయి కదా?"

తిహోమిర్ గ్లాసులోకి చూశాడు. "వదినా, పాతవన్నీ ఇప్పుడెందుకు."

"ఎందుకంటే, దీని నడుమ పిండి ఎందుకు మెత్తుతున్నానో ఇన్నేళ్లలో ఒక్కళ్లు అడగలేదు." ఆవిడ గోటితో ముద్ద గీకేసింది. పొగలు కక్కుతున్న రాగి మీద, నడిమధ్య, చుట్టూ వంకరటింకరగా మాటు పెట్టిన గీత బయటపడింది. సందులోంచి సన్నగా ఆవిరి చిమ్మింది. మాటుకు చెరోవైపునా బిగించిన క్లిప్పుల నొక్కు. "లావు సగం టర్బోకి, సన్న సగం ఇంజనుకి. నడిమికి కోసి నా గొట్టాన్ని రెండు ముక్కలు చేశాడు. పండ్లు పీపాల్లో పులుస్తున్నాయి, కాద్దామని వస్తే కాగు మీద మూత ఉంది, గొట్టం లేదు."

రాంజెల్ చేతిలో హ్యాక్సా ఆగిపోయింది.

"మరి మూడో స్థానం?" అన్నాడు.

"స్థానమా? మర మలుపు దగ్గర ఆగింది. అంతవరకూ బాగానే పోయింది, కాదనను. కింద మలుపుల్లో వీడంత చురుగ్గా ఎవడూ పోలేదు. ఆ తర్వాత నిటారు దారి వచ్చిందా, వీడు కాలు నొక్కాడా, ఇంజను ముక్కు ఎవరో మూసినట్టు గిలగిల్లాడి, నల్లగా పొగ కక్కి ఊరుకుంది. పొగమంచు కాదు నాయనా, అది నువ్వు కక్కిన పొగ. నేనే ట్రాక్టరు పట్టుకెళ్లి లాక్కొచ్చాను."

"నామీద అభిమానంతో," అన్నాడు తిహోమిర్ నీరసంగా.

"గొట్టం మీద అభిమానంతో. మాటు పెట్టించి ఆ ఏడు కాచాను. గొట్టంలో టర్బో ఆయిలు జిడ్డు ఉందని నాకేం తెలుసు? మా ఇంటి దేవుడి పండక్కి ఫాదరుగారు వచ్చి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, 'స్పసేనియా, ఇది తాగాలా, బండిలో పొయ్యాలా?' అన్నారు. అంతమందిలో."

నవ్వులు మొదలయ్యాయి. దోబ్రిలా వినడం లేదు. ఇందాక ఎక్కడ గుచ్చుకుందో ఇప్పుడు తెలిసింది. గబగబా వెళ్లి గొట్టం పీపాలోకి దిగే చోట వంగి చూసింది. బొటనవేలు ఆనించింది. అక్కడ గొట్టం దాని లావే ఉంది. పైన మూత దగ్గర చూసింది. రాంజెల్ సన్నగొట్టం లావు, అంటే రెండంగుళాలు.

"పెద్దమ్మా, కింద మలుపుల్లో చురుగ్గా పోయిందన్నావు. నిజంగానా?"

"నిజమే. ఆ మాట చెప్పుకోవడానికి వీడికి సిగ్గు. కొండని లాగడానికి సిగ్గు లేదు."

దోబ్రిలా తనలో తను అనుకున్నట్టు మెల్లగా అంది. "టర్బో వైపు రెండంగుళాలు సరిపోయాయి. కొంచెమే చోటు కాబట్టి వెంటనే నిండింది. ఊపిరాడనిది చివర్న. బొటనవేలంత సందులోంచి ఇంజను పీల్చలేకపోయింది." తిహోమిర్ వైపు తిరిగింది. "బాబాయ్, ఇక్కడ ఆవిరి బొట్టయిపోతుంది. బొట్టుకి ఈ సందు చాలు. కారులో గాలి చల్లారినా గాలే. కాస్త కుదించుకుంటుందేమో గాని బొట్లు బొట్లుగా కారదు. వెళ్లినదంతా అవతలకి రావాలి."

తిహోమిర్ స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"రాంజెల్, తిప్పెయ్," అంది. "సన్నది టర్బో వైపు. రెండున్నరది ఇంజను వైపు. ఇంజను నోరు కూడా అంతే ఉంది, ఇన్నాళ్లూ అది నా కళ్లముందే ఉంది."

"ఖాయమేనా? ఇందాక కూడా కొయ్యమనే అన్నావు."

"ఇందాక కాగుని చూసి అన్నాను. ఇప్పుడు కారుని చూసి అంటున్నా. కొయ్యి."

రాంజెల్ లావుగొట్టం మీద గీతను బొటనవేలితో తుడిచేసి, సన్నదాన్ని మొద్దుమీద పెట్టాడు. స్పసేనియా కొత్త పిండి ముద్ద తీసుకుని మాటు మీద మెత్తింది.

ఆదివారం దోబ్రిలాకు మూడో స్థానం వచ్చింది. నిటారు దారిలో ఊపిరి ఆగలేదు, మలుపుల దగ్గర కారు ఆలోచించలేదు. వుకోమాన్ పెట్టెలు బయటే, టార్పాలిన్ కింద ఉన్నాయి. వాడు అక్కతో మాట్లాడడం మానేశాడు, అన్నం దగ్గర తప్ప.

ఆ వారం కాగు రాంజెల్ ఇంటికి వెళ్లింది. మళ్లీ అదే జనం, అదే పొగ. అందరికీ మొదటి గ్లాసు అందగానే తిహోమిర్ స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"మూడో స్థానమంటే మాటలు కాదు," అన్నాడు. "మా దోబ్రిలా వచ్చి, బాబాయ్, గొట్టాలు ఎంతవి వెయ్యమంటావు అంది. నేను ఊరికే ఒక్కసారి కారుకేసి చూశాను. చూసి ఏం చెప్పానో తెలుసా?"

గొట్టం నడుమ మాటు మీద వేలితో నున్నగా రాస్తున్న స్పసేనియా, చేతిలో మిగిలిన ముద్దను చూసుకుని, మరిది నోటికేసి చూసింది.

"రాంజెల్, ఇంకాస్త పిండి తడపవయ్యా," అంది. "ఇంకోచోట కారుతోంది."